పచ్చిక తర్వాత, ముందు నీటి దారి

పట్టణ మైదానాల బాగుచేతపై పాఠకుల ప్రశ్నలు – జవాబులు

డెల్టా పట్టణాల్లో పాత మున్సిపల్ మైదానాన్ని బాగుచేస్తామన్న మాట వినపడగానే ఊరు రెండు పక్షాలవుతోంది. పచ్చిక, ఫ్లడ్‌లైట్లు, గ్యాలరీ కావాలనేవాళ్లు ఒక పక్క. బాగుచేత పేరు చెప్పి గేటుకు తాళం వేస్తారు, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయండి అనేవాళ్లు మరో పక్క. వచ్చిన ఉత్తరాల్లోంచి ఆరు ఎంచుకున్నాం. మా మాట ముందే చెబుతున్నాం: మైదానం బాగుపడాలి, అందరిదిగానే ఉండాలి. పడ్డ నీరు ఎటు పోతుందో, ఏటేటా ఖర్చు ఎవరు పెడతారో తేలకుండా మాత్రం ఒక్క గజం పచ్చిక కూడా వేయకూడదు.

ప్రశ్న: మా పట్టణంలో 5 ఎకరాల మైదానం ఉంది. మోస్తరు వాన పడినా నాలుగైదు రోజులు చెరువులా ఉంటుంది. రెండడుగులు మెరక పోయించాలని కొందరు, అడుగున పైపులు వేయించాలని ఇంకొందరు అంటున్నారు. ఏది సరైంది?
– ఒక వార్డు సభ్యుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఆ రెండిటికంటే ముందు లెవెల్స్ తీయించండి. పది మీటర్లకో పాయింటు చొప్పున మైదానం, చుట్టూ ఉన్న రోడ్లు, పక్క ఇళ్ల గడపలు, నీరు కలిసే డ్రెయిన్ అడుగు మట్టం, తుఫాను రోజుల్లో ఆ డ్రెయిన్‌లో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో తెలిపే గుర్తు, ఇవన్నీ ఒకే ప్లాను మీదికి రావాలి. డెల్టాలో చాలా మైదానాలు మునగడానికి కారణం పైన పడ్డ వాన ఒక్కటే కాదు, డ్రెయిన్ ఎగదన్నడం. గుర్రపుడెక్క పట్టి డ్రెయిన్ నిండుగా నిలిచినప్పుడు, బయటకు పోవాల్సిన తూరలోంచే నీరు లోపలికి వస్తుంది. అలాంటి చోట ఎంత ఖరీదైన పైపు వేసినా అది డ్రెయిన్ నీటిని మైదానంలోకి తెచ్చిపెట్టే పైపే అవుతుంది. తూర బయటి కొసకు వెనక్కి తన్నే నీటికి దానంతటదే మూసుకునే రెక్క తలుపు పెట్టించడం మొట్టమొదటి పని. చిన్న ఖర్చే, కానీ చాలా అంచనాల్లో అది కనిపించదు.

ఇక మెరక. రెండడుగులు లేపితే మైదానం ఆరుతుంది, నిజమే. మరి ఆ నీరు? 50 మి.మీ. వాన పడితే ఎకరంలో 2 లక్షల లీటర్ల నీరు చేరుతుంది, 5 ఎకరాల్లో 10 లక్షల లీటర్లు. ఇన్నాళ్లూ మైదానం దాచుకుంటున్న ఆ నీరంతా మెరక పోసిన మరుసటి వానకే పక్క వీధి ఇళ్లలోకి వెళుతుంది. పల్లంలో ఉన్న పేటల వాళ్లు మెరకను వ్యతిరేకిస్తే అది అభివృద్ధికి అడ్డుపడటం కాదు, వాళ్ల భయం న్యాయమైనది. మొత్తం మెరక మాకు సమ్మతం కాదు.

దానికి బదులు నీటికి మైదానంలోనే చోటివ్వండి. చుట్టూ అంచు వెంట పైన 4 మీటర్లు, అడుగున 1 మీటరు వెడల్పు, 70 సెం.మీ. లోతున ఏటవాలు గట్లతో కందకం తీయిస్తే మీటరు పొడవుకు 1.75 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. 160 మీటర్ల పొడవు, 126 మీటర్ల వెడల్పున్న 5 ఎకరాల మైదానం చుట్టుకొలత సుమారు 570 మీటర్లు. అంటే దగ్గర దగ్గర 10 లక్షల లీటర్లు, పైన చెప్పిన వాన మొత్తం. అర ఎకరం పైచిలుకు స్థలం కందకానికి పోతుంది, ఒప్పుకోవాల్సిందే. గట్లు ఇంత ఏటవాలుగా ఉంటాయి కాబట్టి పిల్లలు జారిపడే భయం తక్కువ. కోతయంత్రం కూడా దిగి ఎక్కగలదు. తవ్విన మట్టిని మైదానం మధ్యకు చేర్చి, అంచులు కొద్దిగా చెక్కి, మధ్య నుంచి అంచుకు 150కి 1 వంతున వాలు ఇస్తే నడిమి భాగం అంచు కంటే సుమారు 40 సెం.మీ. ఎత్తు వస్తుంది. బయటి మట్టి దాదాపు అక్కర్లేదు. ఒక జాగ్రత్త: అక్టోబరులో ఒకసారి, మే నెలలో ఒకసారి మీటరున్నర గొయ్యి తీసి ఊట నీరు ఎంత లోతులో ఉందో చూడండి. చుట్టుపక్కల చేపల చెరువులుంటే ఊట బాగా పైకి ఉంటుంది. అది 70 సెం.మీ. కంటే పైకి వస్తే కందకం వానకు ముందే నిండి ఉంటుంది, అప్పుడు లోతు తగ్గించి వెడల్పు పెంచాలి.

కందకం చివర సంపు కట్టి పంపు పెట్టించండి. ఎత్తిపోత నాలుగు మీటర్ల లోపే గనక ఎక్కువ ఎత్తుకు తోడే బోరు మోటారు ఇక్కడ పనికిరాదు. తక్కువ ఎత్తుకు ఎక్కువ నీరు తోసే 5 హెచ్‌పీ పంపు సెకనుకు 40 లీటర్లు తోడితే 10 లక్షల లీటర్లు ఏడు గంటల్లో ఖాళీ. అయితే డ్రెయిన్ తగ్గుముఖం పట్టాకే పంపు వేయాలి, లేదంటే అది కూడా పక్కవాళ్ల మీదికి తోయడమే. తుఫాను వచ్చినప్పుడు ముందు పోయేది కరెంటు, కాబట్టి డీజిలు ఇంజను తోడు ఉండాలి. సంపు ముందు ఇనుప జల్లెడ లేకపోతే తొలి వానకే ప్లాస్టిక్ కవర్లు పంపును పట్టేస్తాయి.

అడుగు పైపుల సంగతి. మన నల్ల బంకమట్టిలో అవి పనిచేయాలంటే 5 మీటర్లకో వరస ఉండాలి, 5 ఎకరాలకు మూడున్నర కిలోమీటర్ల పైపు అవుతుంది. అంత అవసరం లేదు. ఫుట్‌బాల్ గోలుల ముందు, ఎక్కువ తొక్కిడి పడే నడిమి భాగంలో మాత్రం 100 మి.మీ. చిల్లుల పైపు 60 సెం.మీ. లోతున వేయిస్తే చాలు. ఈ పని ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాం. కాలవ తీస్తారు, పైపు పెడతారు, అడుగున కాస్త కంకర పోస్తారు, పైన తవ్విన బంకమట్టినే పూడ్చేస్తారు. నీరు ఆ మట్టిని దాటి పైపును చేరలేదు, పైపు ఎండిపోయి ఉంటుంది, పైన నీరు నిలిచే ఉంటుంది. పైపు చుట్టూ 20 మి.మీ. కంకర, ఆ పైన ఉపరితలం దాకా ముతక ఇసుక ఉండాలి. పూడ్చకముందు ప్రతి వరసనూ ఫొటో తీయించి బిల్లుకు జత చేయమని తీర్మానంలోనే రాయించండి.

ప్రశ్న: పచ్చిక వేయడానికి చేపల చెరువుల మట్టి ఉచితంగా తోలిస్తామని ఒక దాత ముందుకొచ్చారు. తీసుకోవచ్చా? ఏ గడ్డి వేయాలి? ఎప్పుడు?
– భీమవరం ప్రాంతం నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు

జవాబు: పరీక్ష చేయించకుండా తీసుకోవద్దు. రొయ్యలు, చేపలు సాగుచేసిన చెరువు అడుగు మట్టిలో ఉప్పు ఉండే అవకాశం ఎక్కువ. మట్టి పరీక్షలో ఈసీ, అంటే మట్టిలో ఉప్పు ఎంతుందో తెలిపే అంకె, 4 దాటితే అది చవుడు నేల కింద లెక్క. గరిక జాతి దాదాపు 7 వరకు ఓర్చుకుంటుంది గానీ, ఓర్చుకోవడం వేరు, ఆటల తొక్కిడిని తట్టుకుని మళ్లీ చిగురించడం వేరు. జిప్సం వేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే, కిందికి దిగిన ఉప్పునీరు ఎటు పోతుందని అడగండి. దారి లేనిచోట ఉప్పు అక్కడే ఉంటుంది. వరిచేల మట్టి కూడా వద్దు, దానితో పాటు తుంగ గడ్డలు వస్తాయి.

పై పొరకు కావాల్సింది ఇసుక. 10 సెం.మీ. మందాన ఎకరానికి 405 ఘనపు మీటర్లు, అంటే సుమారు 143 యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు). 5 ఎకరాలకూ పోయాలంటే 700 యూనిట్లు దాటుతుంది. అందుకే నడిమి ఎకరంన్నరకు 10 సెం.మీ. పోసి, మిగతాదానికి ఏటా 4 మి.మీ. చొప్పున చల్లుతూ పోవడం మంచిది. అలా చల్లడానికి ఎకరానికి ఆరు యూనిట్లు సరిపోతాయి. లారీ దిగకముందే పరీక్ష చేయండి. గాజు సీసాలో సగం దాకా ఇసుక, మిగతా నీరు పోసి బాగా కుదిపి రాత్రంతా వదిలేయండి. తెల్లారి ఇసుక మీద పేరుకున్న ఒండ్రు పొర ఇసుక మట్టంలో ఇరవయ్యో వంతు మించితే ఆ లోడు వెనక్కి పంపేయండి. సన్నని కాలువ ఇసుక, సముద్రపు ఇసుక రెండూ పనికిరావు.

గడ్డి విషయంలో గరిక జాతి హైబ్రిడ్లకు సాటి లేదు. కొరియన్ గడ్డి చూపుకు బాగుంటుంది, ఒకసారి చిరిగితే పూడటానికి నెలలు పడుతుంది. పార్కుకు సరే, ఆటకు వద్దు. రెండు మూడు కణుపులున్న తీగ ముక్కలను 15 సెం.మీ. వరసల్లో నాటి, రోలరు తిప్పి, మొదటి రెండు వారాలు రోజుకు రెండు మూడుసార్లు తడపాలి. నాటే ముందు నేలను రెండుసార్లు తడిపి, మొలిచిన తుంగను రెండుసార్లూ తీసేయాలి. ఈ ఒక్క పని ఎగ్గొట్టిన మైదానాలు రెండో ఏటికి తుంగ మైదానాలవుతాయి.

కాలం సంగతి కాస్త చిక్కే. కాలువలు కట్టేసి, ఊట దిగిపోయే ఏప్రిల్, మే నెలల్లోనే తవ్వకం సాగుతుంది. పిల్లలకు సెలవులూ అప్పుడే. అందుకే మైదానాన్ని సగం సగం చేసి రెండేళ్లలో పూర్తిచేయమని మా సలహా. వేసవిలో మట్టి పని, జూన్‌లో కాలువ నీరు రాగానే నాటు, 10 నుంచి 12 వారాల తర్వాత ఆట. మిగతా సగంలో పిల్లలు ఆడుకుంటూనే ఉంటారు. ఒక్క సీజనులో అంతా అయిపోవాలన్న తొందరే నాటిన నెలకే మ్యాచ్‌లు పెట్టించి గడ్డిని చంపుతుంది.

ప్రశ్న: ఉదయం నడిచేవాళ్లం పేవర్ బ్లాకుల ట్రాక్ అడుగుతున్నాం. క్రీడాకారులు ఒప్పుకోవడం లేదు.
– నడక సంఘం సభ్యురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, బ్లాకులు అడగొద్దు. నల్లమట్టి తడికి ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది. పైన బ్లాకులు రెండో వేసవికే ఎగుడుదిగుడవుతాయి. నాచు పట్టిన బ్లాకు మీద జారిపడితే పెద్దవయసు వాళ్లకు తుంటి ఎముక ప్రమాదం. రెండున్నర మీటర్ల వెడల్పున 45 సెం.మీ. నల్లమట్టి తీసేసి, 20 సెం.మీ. ఇసుక, 15 సెం.మీ. గ్రావెల్, ఆపైన క్వారీ డస్టు పొరలు పొరలుగా తడిపి రోలింగు చేయించండి. అడ్డంగా 50కి 1 వాలు ఉండాలి. ట్రాకును కందకానికి బయటివైపు పెడితే ఆటస్థలం నీరు ట్రాకు మీదుగా పారదు, బంతులూ నడిచేవాళ్లకు తగలవు. ఇక్కడ మీకూ క్రీడాకారులకూ తగువు అక్కర్లేదు.

ప్రశ్న: మా మున్సిపాలిటీ మైదానాన్ని 15 ఏళ్లకు ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చి, బాగుచేత, నిర్వహణ రెండూ వాళ్లకే అప్పగించాలని చూస్తోంది. రుసుము వాళ్లే వసూలు చేసుకుంటారట. మున్సిపాలిటీ దగ్గర డబ్బు లేదంటున్నారు. వ్యతిరేకించాలా?
– డెల్టాలోని ఒక పట్టణం నుంచి, పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: నిర్వహణను బయటివాళ్లకు ఇవ్వడాన్ని గుడ్డిగా వ్యతిరేకించవద్దు. మైదానాన్నే ఇచ్చేయడాన్ని గట్టిగా వ్యతిరేకించండి. ఈ రెండూ వేర్వేరు ఒప్పందాలు. మీరు రాసిన దాంట్లో రెండూ కలిపేశారు, చిక్కంతా అక్కడుంది.

ముందు డబ్బు లేదన్న మాట చూద్దాం. మైదానానికి ఏటా అయ్యే పని ఏమిటో ఎవరూ లెక్క వేయరు, అందుకే ఎప్పుడూ డబ్బు ఉండదు. వానాకాలంలో గడ్డిని వారానికి రెండుసార్లు కోయాలి. అర మీటరు కోత వెడల్పున్న తోపుడు యంత్రంతో 18,000 చదరపు మీటర్లు కోయడానికి మనిషి 36 కిలోమీటర్లు నడవాలి, రోజంతా నడిచినా ముగియదు. మీటరు వెడల్పు కోత ఉన్న, కూర్చుని నడిపే యంత్రమైతే మూడు గంటల పని. పెరిగే కాలంలో ఎకరాకు 15 కిలోల యూరియా నెలకోసారి, మూడు నాలుగు విడతలు. ఏటా ఇసుక చల్లడం, ముళ్ల రోలరుతో గట్టిపడ్డ నేలను గుల్ల చేయడం. వేసవిలో రోజుకు 5 మి.మీ. తడి ఇవ్వాలంటే 5 ఎకరాలకు లక్ష లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఇరవై. కాలువలు కట్టేసిన రోజుల్లో, తాగునీటికే వెతుక్కునే పట్టణంలో అది తగని ఖర్చు. నడిమి ఎకరానికే నీరు పెట్టి మిగతాది ఎండనివ్వండి. గరిక చావదు, తొలకరికి లేస్తుంది. ఈ లెక్కంతా వేస్తే నిర్వహణకు ఒక మేస్త్రీ, ముగ్గురు పనివాళ్లు, యంత్రం, డీజిలు, ఎరువు, ఇసుక అని ఒక పేజీలో తేలుతుంది. ఆ పేజీని కౌన్సిల్ ముందు పెట్టమని అడగండి. మొదటి వాదన అక్కడ జరగాలి.

ఇక ఒప్పందం. మూడేళ్లు, పని బాగుంటే మరో రెండేళ్లు, అంతకు మించి వద్దు. 15 ఏళ్లంటే మూడు కౌన్సిళ్ల కాలం, తప్పు జరిగినా దిద్దే దారి ఉండదు. ఉదయం 5 నుంచి 8, సాయంత్రం 4 నుంచి 7 అందరికీ ఉచితమని, ప్రభుత్వ పాఠశాలల ఆటలకు రుసుము లేదని అందులో ఉండాలి. సబ్ లీజు నిషేధించాలి. వసూలైన రుసుము మైదానం పేరిట విడి ఖాతాలో పడాలి, కాంట్రాక్టరుకు పని చూసి ఆ ఖాతా నుంచి చెల్లించాలి. నేరుగా వాళ్ల జేబులోకి వెళ్లే పద్ధతిలో డబ్బు రాని పనులన్నీ వెనకబడతాయి: డ్రెయిన్ పూడిక, కందకం గట్లు, ఇసుక చల్లడం. కంటికి కనపడే లైట్లు, క్యాంటీన్ ముందుకొస్తాయి. పదేళ్ల తర్వాత మైదానం మళ్లీ మొదటికొస్తుంది. పని కొలిచే గీటురాయి కూడా ఒప్పందంలోనే రాయాలి: 50 మి.మీ. వాన ఆగాక, డ్రెయిన్ తీసుకోగలిగిన రోజున, పన్నెండు గంటల్లో ఆటస్థలంలో నీరు నిలవకూడదు, నిలిస్తే ఆ నెల బిల్లులో కోత. మట్టి పని చేసిన కాంట్రాక్టరుకు రెండు వానాకాలాలు గడిచేదాకా డిపాజిట్ తిరిగి ఇవ్వకూడదు. వేసవిలో పూర్తయిన డ్రెయిన్‌ను వేసవిలోనే సర్టిఫై చేయడం కంటే పెద్ద పొరపాటు ఉండదు.

చట్టం మీ పక్షాన కొంత ఉంది. 74వ రాజ్యాంగ సవరణతో చేర్చిన 12వ షెడ్యూలులో పార్కులు, ఆటస్థలాలు పట్టణ స్థానిక సంస్థల బాధ్యతల్లో ఉన్నాయి. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. లేఅవుటు ప్లానులో మీ స్థలం దేనికి కేటాయించారో, ముసాయిదా ఒప్పందంలో ఏముందో సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కౌన్సిల్ ఓటుకు ముందే ఆ కాగితాలు చేతిలో ఉండాలి.

ప్రశ్న: అమెరికాలో మా అబ్బాయి ఉండే ఊళ్లో నగరపాలక సంస్థే గోల్ఫ్ కోర్సు నడుపుతుందట, ఎవరైనా రుసుము కట్టి ఆడవచ్చట. కాకినాడ, రాజమహేంద్రవరం వైపు అలాంటిది పెట్టకూడదా?
– విశ్రాంత ఉద్యోగి, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజం. న్యూయార్క్‌లోని వాన్ కోర్ట్‌లాండ్ పార్కులో 1895 నుంచే ప్రజల గోల్ఫ్ కోర్సు ఉంది. కానీ డెల్టాలో కొత్తగా 18 హోల్స్ కోర్సు అంటే 120 నుంచి 150 ఎకరాలు. రెండు పంటలు పండే మాగాణిని దానికి ఇవ్వమనడం మాకు సబబుగా తోచదు. ఒక్కో గ్రీన్ (బంతిని వేసే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) కింద 10 సెం.మీ. కంకర, దానిపైన 30 సెం.మీ. ప్రత్యేకమైన ఇసుక, 3, 4 మి.మీ. ఎత్తున దాదాపు రోజూ కోత. బంకమట్టి, తుఫాన్లు, వేసవి నీటి కరువు ఉన్నచోట ఇది మోయలేని బరువు.

కోర్సు వద్దు గానీ, అక్కడి నిర్వహణ పద్ధతి మన మైదానాలకు అక్షరాలా పనికొస్తుంది. శాన్‌డియాగో నగరం తన టోరీ పైన్స్ కోర్సులో ఊరివాళ్లకు తక్కువ రుసుము, బయటివాళ్లకు ఎక్కువ రుసుము తీసుకుంటుంది. గోల్ఫ్ ఆదాయవ్యయాలు నగర ఖజానాలో కలిసిపోకుండా విడి నిధిగా ఉంటాయి. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సును క్లబ్బు సొత్తని అనుకుంటారు చాలామంది. అది ప్రజల భూమి, 1974 నుంచి ఒక ట్రస్టు నిర్వహిస్తోంది. మామూలు ఆదివారాల్లో అక్కడ ఆట ఉండదు, ఊరి జనం నడవడానికి వస్తారు. అంత గిరాకీ ఉన్న చోటే వారానికో రోజు జనానికి వదలగలిగితే, మన మైదానానికి ఉచిత వేళలు కుదరవని ఎవరు చెప్పినా నమ్మకండి.

ప్రశ్న: మైదానం బాగుచేశాక దీపావళి బాణసంచా దుకాణాలు, సంక్రాంతి ఎగ్జిబిషను, సభలు ఆపేయాలా? మున్సిపాలిటీకి ఆదాయం వాటినుంచే.
– చిరు వ్యాపారి, తణుకు

జవాబు: ఆపక్కర్లేదు, చోటు మార్చాలి. గేటు పక్కన ఒక మూల అర ఎకరంలో గ్రావెల్ గట్టినేల వేయించి, పందిరి కట్టుకోవడానికి కాంక్రీటు దిమ్మెల్లో కొక్కేలు పెట్టించండి. దుకాణాలు, రంగులరాట్నం, లారీలు అక్కడే. పచ్చిక మీద గుంజలు పాతితే అడుగు పైపులు పగులుతాయి. తడిసిన బంకమట్టి మీద ఒక్క లారీ తిరిగినా నేల పిడచగట్టి, ఆ చక్రాల దారిలో మరుసటి ఏడు కూడా గడ్డి మొలవదు. పెద్ద సభకు పచ్చిక తప్పదనుకుంటే మూడు షరతులు: ముందు మూడు రోజుల్లో వాన పడి ఉండకూడదు, వాహనాలు లోపలికి రాకూడదు, అయిన నష్టాన్ని కొలిచి మినహాయించుకునేలా డిపాజిట్ ముందే కట్టాలి. నేల తడి చూడటానికి 10 మి.మీ. ఇనుప చువ్వను చేత్తో గుచ్చండి. జానెడు లోతు సులువుగా దిగితే ఆ రోజు అనుమతి ఇవ్వకూడదు. అద్దెకు ఇచ్చే ముందు, తర్వాత మైదానాన్ని ఒకే చోటు నుంచి ఫొటో తీసి ఫైల్లో పెట్టే పని మేస్త్రీకి అప్పగించండి. డిపాజిట్ దగ్గర వచ్చే వాదనలు చాలావరకు ఆ రెండు ఫొటోలతోనే తెగుతాయి.